చెల్లెలి పసుపు కుంకుమ ఎకరం

సర్కారు ఉద్యోగులు తమ ఆస్తుల వివరాలు ఏటా రాసి ఇవ్వాలి. ఇల్లు, భూమి అడిగే గడిలో నేను ప్రతిసారీ ‘లేదు’ అని గుండ్రటి అక్షరాలతో రాసి, కింద ఒక గీత గీసేవాణ్ణి. ఆ గీత నా గర్వం. స్టాఫ్‌రూమ్‌లో తోటి పంతుళ్లు ప్లాట్ల బేరాలు మాట్లాడుకుంటుంటే, పేపరు అడ్డం పెట్టుకుని, వీళ్లకు పాఠాలు గుర్తున్నాయా అని లోపల్లోపల తిట్టుకునేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మాది మొయినాబాద్ మండలంలో, చిల్కూరు వైపు ఒక ఊరు. మేం ముగ్గురం. పెద్దన్న వ్యవసాయం చూసుకుంటూ ఊరి రాజకీయాల్లో తిరిగేవాడు. నేను చేవెళ్ల దాటి ఇంకా లోపలికి, రెండు బస్సులు మారి పోవలసిన పల్లెలో పంతులుగా ఉండేవాణ్ణి. చెల్లె పెళ్లైన నాలుగేళ్లకే భర్త పోయి పుట్టింటికి తిరిగొచ్చింది. పెళ్లినాడే బాపు ఆమెకు బావి పక్క ఎకరం పసుపు కుంకుమ కింద ఇచ్చాడు. మా దగ్గర ఆడపిల్లకు అలా నోటిమాటగానే ఇస్తారు. పందిట్లో పదిమంది వింటారు, అంతే. కాగితం అడిగితే కన్నతండ్రిని అనుమానించినట్టు. ఆమె ఆ ఎకరంలో చామంతి వేసి, పూల మూటతో పొద్దున మొదటి బస్సెక్కి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోయేది. ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు.

బాపు పోయాక వాటాలకు కూర్చున్నాం. నా చేతిరాత బాగుంటుందని కాగితం నన్నే రాయమన్నారు.

“నీకు సర్కారు నౌకరి ఉన్నది గద తమ్మీ. నెల తిరిగితే జీతమొస్తది. నీకు భూమెందుకు?” అన్నాడు అన్న.

ఇది మా ఇళ్లలో పాత లెక్కే. నౌకరి ఉన్నవాడికి నౌకరే వాటా. నాకొద్దన్నాను. పెద్దమనుషులు మెచ్చుకున్నారు. ఆ మెప్పుతోనే నా కడుపు నిండిపోయింది.

తర్వాత అన్న గొంతు తగ్గించి, “చెల్లె ఎకరం గూడ నా పేరు మీదనే రాయి. పాసుబుక్కులు, ఆఫీసులు ఆమెతోని ఏడైతది? దున్నుకోని బతకనీ, నేనేమన్న వద్దన్ననా?” అన్నాడు.

నా కలం ఆగింది. అప్పటికి నా బదిలీ దరఖాస్తు అన్న ద్వారా ఒక నాయకుడి దగ్గరికి చేరి ఉంది. అన్న ఆ మాట ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరమూ లేదు. రాసేశాను. సంతకాలకు ముందు కాగితం అందరికీ చదివి వినిపించడం ఆనవాయితీ. చదువుతూ ఆ ఒక్క ముక్క దగ్గర గొంతు సవరించుకుని కింది లైనుకు దాటేశాను.

గడప పక్కన కూర్చున్న చెల్లె, “చిన్నన్నా, నా ఎకరం ఏడ రాసినవ్?” అని అడిగింది.

“పెద్దన్న ఉన్నడు గద చెల్లె, ఫికర్ జెయ్యకు” అన్నాను.

ఊరందరి పిల్లలకూ అఆలు దిద్దించిన నేను సొంత చెల్లెలికి నేర్పలేదు. నేను చూపించిన చోట ఆమె వేలిముద్ర వేసింది. ఎండాకాలం సెలవులు అయ్యేసరికి నాకు మొయినాబాద్‌కు బదిలీ వచ్చింది. పైసా లంచం ఇవ్వకుండా వచ్చానని ఏడాదిపాటు చెప్పుకు తిరిగాను. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు.

ఆ తర్వాత మాదాపూర్ వైపు అద్దాల మేడలు లేచాయి. గండిపేట రోడ్డు మీద ఎడ్ల బండ్లు తగ్గి కార్లు పెరిగాయి. ఎక్కాలు రాక నా చేత దెబ్బలు తిన్న ఒక శిష్యుడు సాఫ్ట్‌వేర్‌లో చేరి మిఠాయి డబ్బాతో వచ్చాడు. తన మొదటి జీతం ఎంతో చెప్పాడు. నాదెంతో అడగలేదు, మర్యాదస్తుడు. ఆదివారమొస్తే సిటీ వాళ్లు చిన్న మంగళారం ఊరి దాకా పొలాల గట్లమీద బూట్లతో తిరిగేవాళ్లు. అన్న అప్పటికి సర్పంచ్. ఆ పదవికి వచ్చే గౌరవ వేతనం ఆయన వెంట తిరిగేవాళ్ల చాయ్ నీళ్లకు కూడా చాలదు. అయినా ఇంటిమీద ఇంకో అంతస్తు లేచింది, ముందర తెల్లకారు నిలబడింది. ఎక్కడిదని ఊళ్లో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

మండలంలో పెద్ద పదవికి నామినేషన్ వేసేటప్పుడు, ఆస్తుల అఫిడవిట్ రాయడానికి అన్న మళ్లీ నన్నే పిలిపించాడు. సర్వే నంబర్లు ఒక్కొక్కటే చెబుతుంటే రాస్తున్నాను. బావి పక్క ఎకరం నంబరు వచ్చింది.

“ఇది చెల్లెది గదన్నా?”

“కాగితం మీద ఎవలిదున్నది? నువ్వే రాసినవ్ గద తమ్మీ.”

కలం కింద పెట్టి లేచి రావలసింది. రాలేదు. రెండోసారి కూడా రాశాను. మొదటిసారి భయం, ఆశ అని సర్ది చెప్పుకోవచ్చు. ఈసారికి ఏ పేరు పెట్టుకోవాలో నాకు ఇవాళ్టికీ తెలియదు.

అన్న గెలిచాడు. ఏడాది తిరగకుండా ఆ ఎకరం ఫామ్‌హౌస్ కోసం సిటీలో ఒక పెద్దాఫీసరుకు అమ్మాడు. చెల్లెతో, “ఈ పంట తెంపుకో” అన్నాడట, అంతే. ఆ ఆఫీసరుకూ నాకూ జీతమిచ్చేది ఒకటే సర్కారు. నా ఇరవై ఏళ్ల జీతం కూడబెట్టినా ఆయన ప్రహరీగోడ లేవదు. ఆయన ఆస్తుల కాగితంలో ఏం రాశాడో మరి. చెల్లె ఆ గోడ లోపలే కూలికి కుదిరింది.

నేను రిటైరయ్యాక, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఒకరోజు అక్కడికి పోయాను. చెల్లె లాన్‌లో వంగి కలుపు ఏరుతోంది. నన్ను చూసి నవ్వింది.

“అప్పుడు గడ్డి పీకి పూలు పెంచిన. ఇప్పుడు గడ్డినే పెంచుతున్న చిన్నన్నా.”

రిటైర్మెంటుకు నాకు వచ్చిన పైసల్లో కొంత తీసుకొమ్మన్నాను. తల అడ్డంగా ఊపింది.

“పైసలొద్దు. కాగితముంటే నా ఎకరం రాసియ్యి. హద్దులతోని రాయి.”

జేబులో పెన్షన్ ఆఫీసు రసీదు ఉంది. దాని వెనక రాశాను. ఫలానా వారి కూతురికి తండ్రి పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరం. తూర్పు బావి, పడమర బండ్లబాట, దక్షిణం వాగు, ఉత్తరం పెద్దన్న చేను. ఇప్పుడు ఆ బావి పూడ్చేశారు. బాట గోడకింద పోయింది.

“సదువు” అంది. చదివాను. “ఇంకోసారి” అంది. గొంతు సవరించుకోకుండా, మొదటినుంచి చివరిదాకా చదివాను.

“ఇది ఏడ చెల్లదు చెల్లె” అన్నాను.

“నాకెర్కనే అన్నా” అంది కాగితం మడిచి కొంగున ముడేసుకుంటూ. “ఆనాడు గీ ఒక్క ముక్కనే నువ్వు సదవకుండ దాటేసినవ్. నీ నోట ఇనాలనిపించింది, అంతే.”