సఫూరా ఫోన్లో నలభై పేర్లు

కనిగిరి బస్టాండు పక్కన నాకో సెల్‌ఫోన్ రిపేరు కొట్టు ఉంది. నా పేరు యేసుపాదం. ఊళ్ళో సగంమంది ఫోన్లు నా బల్ల మీదకు వస్తాయి, లోపల ఏముందో నేను చూడను. అది నా పట్టింపు. ఆ పట్టింపు నాకే ఎదురుతిరిగిన రోజు గురించీ, సఫూరా గురించీ చెబుతాను.

సఫూరా మిరపకోతల ముఠాకు మేస్త్రి. ఏటా జనవరి చివర్లో నలభై మంది ఆడవాళ్ళను వెంటబెట్టుకుని గుంటూరు వైపు పొలాలకు వెళ్తుంది. ఎవరిని ఏ సాలులో నిలబెట్టాలో ఆమెకే తెలుసు. అందుకే ఆమె ఫోన్లో పేర్లు ఉత్త పేర్లుగా ఉండవని నాకు తర్వాతే తెలిసింది. 'నస్రత్ ఐదో నెల నీళ్ళు మోయకూడదు.' 'జోహరాబీ మొగుడు ఇంట్లో లేనప్పుడే ఫోన్.' 'సుబ్బరావమ్మ ఫిట్సు మధ్య సాలు.' అంటే సుబ్బరావమ్మకు మూర్ఛ ఉంది, అటూ ఇటూ మనుషులుండే సాలులోనే పెట్టాలి అని. మనుషుల్ని చూసుకోవడానికి ఆమె పెట్టుకున్న గుర్తులవి.

ఈ ఏడు వీరబాబు అనే ఏజెంటు, రైతుల్నీ మేస్త్రుల్నీ కలిపే ఒక యాప్ తెచ్చాడు. వానకబురు, గుంటూరు మిర్చి యార్డు సెలవులు, కూలీల పట్టిక అన్నీ ఒకేచోట, అదీ ఊరికే. సఫూరా నన్ను అడిగింది. "బాగుందక్కా, పెట్టుకో" అన్నాను. 'అనుమతించు' అని వచ్చిన ప్రతిచోటా నేనే నొక్కాను. పదిహేనేళ్ళుగా ఫోన్లు విప్పుతున్నవాణ్ణి, ఒక్క ముక్క చదవకుండా నొక్కాను.

వారం తిరక్కముందే యలమందయ్య అనే రైతు దగ్గర్నుంచి ఆమెకు ఫోన్. ముఠా వెళ్ళాల్సింది ఆయన పొలానికే. ఆ యాప్‌లోంచి ఆయన ఫోన్లోకి ముఠా కూలీల పట్టిక చేరింది, సఫూరా రాసుకున్నది రాసుకున్నట్టే.

"ఏమ్మా సఫూరా, ఆ ఫిట్సు మనిషిని తీసుకురామాక. పొలంలో పడితే నా పీకల మీదకొస్తది."

సఫూరా నేరుగా నా కొట్టుకొచ్చింది. ఫోన్ బల్ల మీద పెట్టి, నా మొహంలోకి చూసింది. "ఇరవై ఏళ్ళు ఆ మాట నా నోరు దాటలా యేసుపాదం. సుబ్బరావమ్మ కోడలిక్కూడా తెలీదు. నువ్వు ఒక్క వేలితో చాటింపేశావు గదరా!"

నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. అక్కడికక్కడే వీరబాబుకు ఫోన్ కలిపాను. మీరే అనుమతిచ్చారు కదండీ, ఇప్పుడు తీయడం కుదరదండీ అని గొణిగాడు. సఫూరా ఫోన్ లాక్కుంది.

"దాని జబ్బు ఇంకొకళ్ళకిచ్చే హక్కు నాకే లేదు, తీసుకోటానికి నీకెక్కడిదిరా? సాయంత్రంలోగా తీసెయ్యి. లేకపోతే ఈ చుట్టుపక్కల మేస్త్రులందర్నీ తెచ్చి నీ ఆఫీసు గుమ్మంలో కూర్చుంటా!"

సాయంత్రానికి పట్టిక పోయింది. కుదరనిది ఎలా కుదిరిందో వీరబాబునే అడగాలి.

యాప్ పీకేశాం. కానీ వానకబురు ఆమెకు కావాలి, యార్డు కబురూ కావాలి, పేర్లూ కావాలి. "ఇంకోటి చూడు. ఈసారి నేను చదువుతా, నువ్వు నోరు మూసుకుని కూర్చో" అంది.

వార్తలన్నీ ఒకచోట పోగేసి చూపించే రీడర్లు మూడు దించాను. మొదటిది ఫోన్ నంబరు అడిగింది. "వానెప్పుడొస్తదో చెప్పటానికి నా నంబరెందుకంట? తీసెయ్." రెండోది ఎక్కడున్నారని అడిగింది. "ఎక్కడుంటే దానికేంది?" అదీ పోయింది. మూడోది ఏమీ అడగలేదు. మనం ఎంచుకున్న చోట్ల నుంచి మాత్రమే వార్తలు తెచ్చింది. దాని లోపలి కోడ్ రాతంతా ఎవరైనా చూసుకునేలా బయటే పెట్టారని చెప్పాను.

"చూసినోళ్ళున్నారా?"

"ఉన్నారక్కా."

"అయితే ఉండనియ్."

పేర్లకూ గుర్తులకూ వేరే ప్రోగ్రాం పెట్టాం. పేర్లు ఫోన్లోనే ఉంటాయో లేదో తేల్చుకోవడానికి నెట్టు ఆపేయించి, తెరిచి చూసింది. తెరుచుకుంది. తాళం మాట తనే పెట్టుకుంది, నన్ను అటు తిరగమంది. తిరిగాను. నేను దానికి తగినవాణ్ణే.

తర్వాత ఇద్దరం సుబ్బరావమ్మ ఇంటికి వెళ్ళాం. జరిగింది సఫూరా ఏదీ దాచకుండా చెప్పింది. ఆవిడ తలుపు వేసుకుంది. మూడో రోజు తనే వచ్చి, "నా పేరు పక్కన ఏమీ రాయమాక. నువ్వు మర్చిపోతే నేను గుర్తుచేస్తా" అంది. సఫూరా ఆవిడ ఎదుటే గుర్తు చెరిపేసింది. ఆ వెంటనే యలమందయ్యకు ఫోన్ చేసింది.

"సుబ్బరావమ్మ రాకపోతే నలభై మందిలో ఒక్కరూ రారు. మీ కాయ మీరే కోసుకోండి."

చేను ఎర్రగా పండి ఉంది. ఆయన రెండు రోజులు బిగుసుకుని, తర్వాత రమ్మన్నాడు. తప్పు చేసినవాణ్ణి కదా, ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. ముఠాతోపాటు నేనూ బండెక్కాను.

పొలంగట్టు మీద యలమందయ్య నిలబడి, వరసగా అందరి మొహాల్లోకీ చూస్తున్నాడు. ఎవరని నోరు తెరిచి అడగలేదు. సఫూరా ఏదో అనబోయింది. సుబ్బరావమ్మ ఆమెను చేత్తో ఆపి ముందుకొచ్చింది.

"ఎతుక్కోబాకండయ్యా. ఫిట్సు నాకే. పొద్దున్నే మాత్రేసుకుని వచ్చా. ఇది మీకు చెప్పాల్సింది నేను, ఆ ఫోన్ కాదు. ఇప్పుడు చెప్పా. అడ్డం లెగండి."

యలమందయ్య పక్కకు జరిగాడు. ఆవిడ కొంగు నడుముకు బిగించి, మధ్య సాలులోకి తనే నడిచి వెళ్ళి నిలబడింది.