బస్సులో కుట్టిన అంచు

సినిమాల్లో నన్ను పట్టుకోవాలంటే నా జాకెట్టు తెలిసుండాలి. మొహం కనపడదు. పెళ్లి పందిట్లో నాలుగో వరసలోనో, గుళ్లో ప్రసాదానికి నిలబడ్డ వాళ్లలోనో, హీరో కారు దిగుతుంటే చూసే జనంలోనో ఒక భుజం, ఒక మోచెయ్యి, సగం చెంప. పన్నెండేళ్లుగా జూనియర్ ఆర్టిస్టుగా నేను వేసిన వేషాలన్నీ కలిపి అతికించినా ఒక మనిషి తయారవదు. మా ఆడపడుచు ఫోన్లో సినిమా ఆపి, బొమ్మ పెద్దది చేసి, "వదినా, ఆ నెమలికంఠం రంగు చేతులు నీవే కదా" అని అడుగుతుంది. నావే. నా చేత్తో కుట్టుకున్న చేతులు నాకు తెలియవా?

మా గుంపు వాళ్లకి కంపెనీ బట్టలివ్వదు. "రిచ్ లుక్, ఓన్ కాస్ట్యూమ్" అని ముందురోజు ఫోనుకి ఒక ముక్క వస్తుంది. యూసుఫ్‌గూడలో ఒకటిన్నర గది ఇంట్లో ఉండేదాన్ని, రిచ్ లుక్ ఎక్కణ్ణుంచి తెచ్చేది? అందుకే కుట్టు నేర్చుకున్నాను. ఒక పాత పట్టుచీర అంచు తీసి ఇంకో చీర జాకెట్టుకి వేస్తాను. బుట్ట చేతులు విప్పి మోచేతుల దాకా దించుతాను. మెడ వెనక తాళ్లు పెడతాను, నెల తిరక్కుండా తీసేస్తాను. నా దగ్గర ఏ జాకెట్టూ పుట్టినట్టు ఉండదు.

అది ఆర్థిక అవసరం ఒక్కటే కాదు, మా పనితనం కూడా. ఒకే పెళ్లి సీనులో పొద్దున మేం ఆడపిల్లవారి తరఫు, మధ్యాహ్నం మగపిల్లవాడి తరఫు. పైట తిప్పి కప్పుకుని, బొట్టు మార్చి, చేతికి ఒక జరీ ముక్క టాకా వేసుకుంటే వేరే మనిషి. పొద్దుటి మనిషిలా ఉంటే తిడతారు. మారిపోవడమే మా ఉద్యోగం.

ఆ రోజు తెల్లారుతుండగా మా కోఆర్డినేటర్ ఫోన్ చేశాడు. షూటింగులకి మనుషుల్ని పంపేది అతనే. "అమ్మా, పసుపు వద్దు. హీరోయిన్ పసుపు కడ్తది. మెరూన్ల రాండ్రి" అన్నాడు. నా దగ్గర మెరూన్ జాకెట్టు ఉంది గానీ ఉత్త మొండిది, రిచ్ లుక్ దానికి ఆమడ దూరం. ట్రంకు పెట్టె అడుగున ఉన్న పాత చీర అంచు కత్తిరించి కుడిచేతికి మిషను మీద లాగించాను. ఎడమచేతికి వచ్చేసరికి కరెంటు పోయింది. మిగతాది కృష్ణానగర్‌లో బస్సెక్కాక సూదితో కుట్టాను. బస్సు ప్రతి స్పీడు బ్రేకరుకీ ఎగిరింది, నా కుట్టూ ఎగిరింది. పంజాగుట్ట ఫంక్షన్ హాలు దగ్గర దిగేసరికి ఎడమచేతి అంచు మోచెయ్యి వెనక వేలెడు కిందికి జారి, మళ్లీ పైకి పాకింది. పక్కన కూర్చున్న మా పొరుగింటావిడ చూసి, "ఎవలు జూస్తరక్కా" అంది. ఆవిడా మా గుంపే. నిజమే కదా, ఎవరు చూస్తారు అనుకున్నాను.

చూశారు. పెద్దావిడ వేషం వేయాల్సిన ఆర్టిస్టు రాలేదట. డైరెక్టరు మా వైపు ఒకసారి కలయజూసి, "ఆ మెరూన్ జాకెట్టావిణ్ణి రమ్మనండి" అన్నాడు. పన్నెండేళ్లలో నన్ను వేలు పెట్టి చూపించి పిలవడం అదే మొదలు. నాకు డైలాగు ఇచ్చారు.

ఇంట్లో నా నోటికి అందరూ హడలిపోతారు. కూరగాయల బండివాడు నన్ను చూస్తే తక్కెడ సరిచేసుకుంటాడు. అంత నోరున్న మనిషిని సినిమాలో మాత్రం పన్నెండేళ్లు మూగదాన్ని. గుంపులో వాళ్లం పెదాలే కదుపుతాం, శబ్దం చేయకూడదు. ఇప్పుడు నా గొంతు వినపడబోతోంది. పెళ్లివారందరూ ముహూర్తం దాటిపోతోందని గోల పెడుతుంటే పెద్దావిడ ఎడమచెయ్యి చెంపకి ఆనించుకుని చూస్తూ ఉండి, లేచి, "అందరూ టైమవుతోందంటున్నారు. పిల్లని ఒక్కరైనా అడిగారా?" అనాలి. అంతే. అది విని సీనంతా ఆగిపోవాలి.

ఆ రోజు చెంప మీద చెయ్యి ఆనించుకుని చూడటం వరకే తీశారు. అంతలో హీరో వెళ్లిపోవాల్సిన టైమైంది. మాట వచ్చే షెడ్యూల్లో అన్నారు. అసిస్టెంట్ డైరెక్టరు ఒకామె, కళ్లజోడు పెట్టుకుని చకచకా తిరిగే మనిషి, నన్ను నాలుగు వైపుల నుంచీ ఫోన్లో ఫొటోలు తీసుకుంది. "ఆంటీ, గీ చీర, జాకెట్టు ఇట్లనే పక్కకు పెట్టుండ్రి. ఉతకొద్దు. ఇస్త్రీ సుత వద్దు" అంది. కంటిన్యూటీ అన్నమాట. ఈ రోజు తీసిన ముక్కా, రేపు తీసే ముక్కా పక్కపక్కన పెడితే ఒకే క్షణంలా ఉండాలి. ఆ మాట వందసార్లు విన్నాను. అది నటుల సంగతి అనుకునేదాన్ని. గుంపుకి కంటిన్యూటీ ఎవరూ అడగరు.

వెళ్లేముందు మానిటర్లో నన్ను నేను చూసుకున్నాను. మొహం బాగానే ఉంది. చెంపకి ఆనించిన చెయ్యి తెర మధ్యలో ఉంది. ఆ చేతికి ఆ వంకర అంచు. పెద్ద తెర మీద అది ఎంత కనపడుతుందో అప్పుడే లెక్కవేశాను. నా మొహం కంటే ముందు దాన్నే చూశాను, అదీ నా బుద్ధి.

తర్వాత రెండు వారాల పైచిలుకు ఆ మాటతోనే కాపరం చేశాను. అన్నం వారుస్తూ అన్నాను, అమీర్‌పేట మెట్రో మెట్లెక్కుతూ అన్నాను. మా ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి పెళ్లికూతుర్ని చేసి అన్నాను. ఆయన రెండు రోజులు ఓర్చుకుని, "నన్ను ఎవరూ అడక్కర్లేదు గానీ కాఫీ ఇవ్వు" అన్నాడు. చివరికి ఒక పద్ధతి దొరికింది. "పిల్లని" అన్న తర్వాత ఆగాలి. అందరి మొహాల మీదికీ ఒకసారి చూపు పోవాలి. అప్పుడు గొంతు పెంచకుండా, తగ్గించి, "ఒక్కరైనా అడిగారా?" అనాలి. అరిస్తే అది మామూలు పేరంటాళ్ల గోల అయిపోతుంది.

జాకెట్టు మేకుకి తగిలించి ఉంది. చెప్పినట్టే ఉతకలేదు, ఇస్త్రీ చేయలేదు. చంకల్లో చెమట మరకలతో సహా భద్రంగా పెట్టాను. కానీ ఆ అంచు పొద్దున లేస్తే కనపడేది, పడుకోబోతే కనపడేది. పదకొండు రోజులు ఓర్చుకున్నాను. పన్నెండో రోజు అమీర్‌పేటలో మ్యాచింగ్ సెంటరుకి వెళ్లి ఆ రంగుకి సరిగ్గా కలిసే దారం తెచ్చాను. రెండు చేతుల అంచులూ విప్పేశాను. పాత ముక్క సూది పోట్లకి చిరిగి పోగులొచ్చింది, పారేశాను. అదే చీరకి ఇంకో కొసన అంచు ఉంటే అది కత్తిరించి, చేతుల కొసలు అరంగుళం మడిచి, కొలబద్ద పెట్టి గీత గీసుకుని కుట్టాను. ఆ కుట్టు నేను కుట్టిన వాటిల్లో మేలైంది. మా పొరుగింటావిడకి చూపిస్తే, "మస్తుగున్నది అక్కా, ఇప్పుడు అసలు ఆర్టిస్టు లెక్క ఉన్నవు" అంది. ఇద్దరికీ కలిపి ఇరవయ్యేళ్ల అనుభవం. ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. ఉతకొద్దన్నారు, ఇస్త్రీ వద్దన్నారు. కుట్టొద్దని ఎవరూ చెప్పలేదు కదా.

షూటింగు రోజు మళ్లీ అదే హాలు. కళ్లజోడావిడ ఫోను పట్టుకుని నా దగ్గరికొచ్చింది. ఫొటో చూసింది, నన్ను చూసింది, మళ్లీ ఫొటో చూసింది.

"ఆంటీ, గీ అంచు వేరే ఉన్నది."

"వంకరగా ఉంటే సరిచేశానమ్మా" అన్నాను. నిజం చెప్పాలంటే ఆవిడ మెచ్చుకుంటుందనే అనుకున్నాను.

ఆవిడ కోప్పడలేదు. మొహం మాత్రం వాడిపోయింది. "చెంపకు చెయ్యి పెట్టింది ఇదే చెయ్యి ఆంటీ. ఆ షాట్ అయిపోయింది. ఇప్పుడు లేచి మాట్లాడేటప్పుడు చెయ్యి వేరేగ ఉంటది" అంది. అప్పుడు అర్థమైంది. పైట కప్పుకోనా అన్నాను. అప్పుడు కప్పుకోలేదు కదా అంది. నిజమే.

"లైటింగ్‌కు అర్ధగంట పడ్తది. ఎట్లుండెనో గట్ల చెయ్యగలరా?" అని తన ఫోను నా చేతికిచ్చింది.

చేయగలనన్నాను. నా సూదీ దారం ఎప్పుడూ నా సంచిలోనే ఉంటాయి. లోపలికెళ్లి వేరే జాకెట్టు వేసుకుని, ఇది తీసుకుని భోజనాల హాలు మెట్ల మీద కూర్చున్నాను. అంత చక్కటి కుట్టుని పళ్లబిగువున విప్పాను. ఫొటో ముందు పెట్టుకుని కుట్టడం మొదలుపెట్టాను. మోచెయ్యి వెనక జారాలి. జారలేదు. ఎంత జార్చినా చెయ్యి దానంతటది మళ్లీ తిన్నగా వచ్చేస్తోంది. విప్పాను. ఈసారి కావాలని వంకరగా వేశాను. కావాలని వేసిన వంకర వేరుగా ఉంది, ముగ్గులో మెలికలా నీటుగా వచ్చింది. మా పొరుగింటావిడ పక్కన కూర్చుని, "బస్సుల లెక్క చేద్దాం అక్కా" అని నా మోచెయ్యి పట్టుకుని కుదపడం మొదలుపెట్టింది. నవ్వొచ్చే సంగతే. మా ఇద్దరికీ నవ్వు రాలేదు. సూది వేలికి దిగింది. మళ్లీ విప్పాను. పన్నెండేళ్లలో ఎన్ని కుట్లు తప్పాను, ఆ ఒక్క తప్పు ఇంకొక్కసారి చేయమంటే నా చేతకాలేదు. పైగా చేతులు అరంగుళం పొట్టివైపోయాయి, కొత్త అంచు వెలిసిపోకుండా ధగధగలాడుతోంది. వాటికి ఏ సూదీ ఏమీ చేయలేదు.

అర్ధగంట అయ్యింది. కళ్లజోడావిడ జాకెట్టు అటూ ఇటూ తిప్పి చూసి, ఫొటో తీసుకుని డైరెక్టరు దగ్గరికెళ్లింది. దూరం నుంచి చూస్తున్నాను. ఆయన ఫోను వైపు ఒక్క క్షణం చూశాడు, గడియారం చూసుకున్నాడు, ఏదో అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆవిడ వెనక్కొచ్చి, "సారీ ఆంటీ. మీ షాట్ తీసేస్తున్నరు. హీరోతోని తీసిన షాట్లల్ల మీరు పాత అంచుతోనే వెనుక ఉన్నరు, అందుకే వేరేవాళ్లతోని మీ ముక్క మొత్తం కొత్తగ తీస్తరట" అంది. నేను బాగానే తల ఊపాను. పర్వాలేదమ్మా అని కూడా అన్నాను. ఇంట్లో ఉన్న నోరు అక్కడికి రాలేదు.

మా గుంపులోంచే ఒకావిణ్ణి తీసుకున్నారు. కాకినాడ వైపు మనిషి, వచ్చి ఆరు నెలలు కూడా కాలేదు. ఆవిడకి కాగితం ఇచ్చారు. ఐదు నిమిషాల్లో నన్ను వెతుక్కుంటూ మెట్ల దగ్గరికొచ్చింది. మొహమంతా చెమటలు.

"ఏమీ అనుకోకండక్కా. మీరు ఎలా అందామనుకున్నారండీ? నాకేం తోచట్లేదండీ."

నాకు తెలియదు అనొచ్చు. నీ ఇష్టమొచ్చినట్టు అను అనొచ్చు. కానీ ఆవిడ చేతిలో కాగితం అప్పుడే నలిగి చెమటకి తడిసింది, నన్ను వేలు పెట్టి చూపించిన రోజు నేనూ ఇలాగే ఉన్నాను. చెప్పాను. "పిల్లని" అన్నాక ఆగు అన్నాను. అందరి వంకా చూడు, అరవకు, గొంతు తగ్గించు అన్నాను. ఒకసారి అనిపించాను. ఆగింది చాలలేదు, ఇంకోసారి అనిపించాను.

సైలెన్స్ అన్నారు. నేను కెమెరాకి కనపడకుండా స్తంభం పక్కన కుర్చీలో కూర్చున్నాను. పెళ్లివారు గోల చేశారు. ఆవిడ చెయ్యి చెంపకి ఆనించుకుని చూసి, లేచి, అంది. "పిల్లని" అన్న తర్వాత ఆగింది. హాలంతా ఆగింది. లైట్లు పట్టుకున్నవాళ్లు కూడా కదల్లేదు. అప్పుడు నెమ్మదిగా మిగతాది అంది.

ఒక్క టేకులో ఓకే అయ్యింది. డైరెక్టరు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

అక్షరం పొల్లుపోకుండా నేను చెప్పినట్టే అంది. చాలా బాగా అంది. తడబడి ఉంటే, చెడగొట్టి ఉంటే, ఇంటికొచ్చి నాలుగు తిట్టుకుని మర్చిపోయేదాన్ని.