మచ్చలతోనే ఫొటో

ఆదివారం సాయంత్రం ఎండ మెత్తబడ్డాక ఇంటిల్లిపాదీ కళింగపట్నం బీచ్‌లో ఫొటోలు దిగాలని అనుకున్నాం. సముద్రానికి వీపు పెట్టి నిలబడితే పడమటి ఎండ ముఖాల మీద బాగా పడుతుందని ఫొటోగ్రాఫర్ ఫోన్‌లో చెప్పాడు. ఆ మాట వినగానే మా పెద్దాడపడుచుకి నా బొల్లి మచ్చలు గుర్తొచ్చాయి.

"నువ్వు ఎనక నిలబడవే. పొడుగు సేతుల జాకెట్టు ఏసుకో, మచ్చలు కనబడవు," అంది.

పెళ్లయినప్పటి నుంచీ ప్రతి ఫొటోలోనూ నేను ఎవరో ఒకరి భుజం వెనకే ఉన్నాను. ఇక చాలనిపించింది.

"లేదొదినా. నాను ముందే కూకుంటాను. పొట్టి సేతుల జాకెట్టే ఏసుకుంటాను."

"సూసినోళ్లు ఏటనుకుంటారే?"

"ఏటైనా అనుకోమను."

ఆ ఆదివారం ఇసుకలో మా అత్తగారి పక్కనే, ముందు వరసలో కూర్చున్నాను. ఎండ నేరుగా నా ముఖం మీద పడింది. ఫొటోగ్రాఫర్ దగ్గరకొచ్చి, "మేడమ్, మచ్చలు తర్వాత కంప్యూటర్లో తీసీమంటారా?" అని మెల్లగా అడిగాడు.

"ఒక్క మచ్చ తీసినా ఆ ఫొటో మాకొద్దు," అన్నాను, అందరికీ వినబడేలా.

ఆడపడుచు తల తిప్పుకుంది. అత్తగారు మాత్రం నా చెయ్యి తన ఒళ్లోకి లాక్కుని, "వేగిరం తియ్యి బాబూ, ఎండ పోతన్నాది," అంది.

ఆ ఫొటోనే ముందుగదిలో తగిలించాను.