తాతకు సీరియస్

నిన్న మనవరాలి ఇంగ్లీషు హోంవర్కులో 'సీరియస్' పక్కన నప్పే మాటలు రాయమన్నారు. సీరియస్ ముఖం, సీరియస్ జబ్బు... అక్కడే నా చేయి ఆగిపోయింది.

మన చిన్నప్పుడు టెలిగ్రాం అంటే ఎంత భయమో గుర్తుందా? పుంగనూరులో మా ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగింది ఆరో తరగతిలో ఉన్న నేనొక్కదాన్నే. అమ్మ పుట్టిల్లు కుప్పం నుంచి వచ్చిన టెలిగ్రాం కాగితంలో 'ఫాదర్ సీరియస్' అని ఉంది. క్లాసులో నవ్వితే టీచరు "బీ సీరియస్" అని కసిరేది. నాకు తెలిసిన సీరియస్ అదొక్కటే.

"తాత కోపంగా ఉండాడంటమ్మా" అన్నాను.

అంతకు ముందు నెలే అమ్మ తాతతో గొడవపడి వచ్చింది. "కోపం తగ్గినాక పోదాంలే" అంది.

మూడో రోజు వెళ్లేసరికి తాత లేడు. "టెలిగ్రాం అందలేదామ్మా? నాయన నీకోసం సూసి సూసి పోయినాడు" అని మామ భోరుమన్నాడు.

అమ్మ నావైపు ఒక్కసారి చూసింది.

"ఈ పొద్దే అందిందన్నా" అంది.