కజిమీర్ రాజు కొత్త కాపురం

సెవెరిన్ సాండొమీర్‌లో బతుకంతా గడియారాలు బాగుచేశాడు. నాణేలు పోగుచేసే అలవాటు వల్ల, కాఫీ కప్పునైనా సరే, వేలిముద్ర పడుతుందేమో అన్నట్టు అంచుల దగ్గరే పట్టుకునే మనిషి. ఆయన ప్రాణమంతా ఒక వెండి నాణెం మీద. దాని మీద కిరీటంతో పాతకాలపు కజిమీర్ రాజు బొమ్మ. అది విడుదలైన రోజు భార్య రొజాలియా బ్యాంకు ముందు మంచులో పొద్దుటి నుంచీ వరసలో నిలబడి తెచ్చింది. "ఇదిగో మీ రాజుగారు. నా కాళ్లు మాత్రం ఇక నావి కావు" అంది. ఆమె పోయాక ఏ విందుకు వెళ్లినా ఆ నాణెం కోటు జేబులో వేసుకోనిదే ఆయన గడప దాటేవాడు కాదు. పిచ్చి అంటే పిచ్చే, కానీ ఎవరి తోడు వాళ్లది.

కింగా పెళ్లికీ అలాగే వెళ్లాడు. పక్కింటి పిల్ల, జ్ఞానస్నానం నాడు తానే ఎత్తుకున్న పిల్ల. పిల్లాపాపా లేని ఆ ఇంట్లో ఏనాడైనా సందడి ఉందంటే అది ఆమె చలవే. కొత్త జంట చర్చి మెట్ల మీదికి రాగానే ఆనవాయితీ ప్రకారం అందరూ గుప్పిళ్లతో చిల్లర చల్లారు. ఈయనా జేబులో చెయ్యి పెట్టి, ఉన్నదంతా తీసి చల్లాడు. ఆ తర్వాత జేబు తడుముకుంటే ఖాళీ. చిల్లరతో పాటు రాజుగారూ వెళ్లిపోయారు.

వధూవరులు కింగా, ఇగ్నాత్సీ వంగి ఏరుతున్నారు. ఎవరు ఎక్కువ ఏరితే ఇంట్లో వాళ్లదే పెత్తనం. అడుగుదామంటే ఆయనకు నోరు రాలేదు. జంట మీద చల్లింది వెనక్కి అడిగితే కాపురానికి మంచిది కాదని ఊరంతా నమ్ముతుంది, ఆయనా నమ్ముతాడు. విందులో ఆయన ముందు సూప్ చల్లారిపోయింది.

కింగా వచ్చి పక్కన కూర్చుని అరచెయ్యి తెరిచింది. రాజుగారి కిరీటం మీద రాయి గీరిన గీత.

"ఇది పిన్నిది కదా, బాబాయ్?"

ఆయన తలూపాడు. ఉంచుకొమ్మన్నాడు.

"ఉంచుకోక? ఒక్క నాణెం తేడాతో ఇగ్నాత్సీ మీద గెలిచాను. ఇది ఇచ్చేస్తే నా పెత్తనం పోదూ? అందుకని నా మొదటి హుకుం వినండి. రాజుగారు మా వంటింటి అల్మారాలో ఉంటారు. ఆయన్ని చూడ్డానికి మీరు ప్రతి ఆదివారం భోజనానికి రావాలి."

పెళ్లికొడుకు ఇగ్నాత్సీ బల్ల అవతల నుంచి, తన మాట ఎలాగూ చెల్లదు కాబట్టి వచ్చి తీరమని బతిమాలాడు.

ఆదివారం ఎప్పుడు గడుస్తుందా అని చూసే మనిషి ఇప్పుడు శనివారమే బూట్లకు పాలిష్ వేసుకుంటున్నాడు. కింగా సూప్ వడ్డించేలోగా నాణేన్ని తీసి, అంచులు కాదు, అరచేతి నిండా పట్టుకుంటాడు.

"నువ్వు మంచులో నిలబడి తెచ్చింది నాకింకా అన్నం పెడుతోందే, రొజాలియా" అంటాడు.