పిల్లల్ని కాసిన కొర్రమీను

చేపల గురించి నాకు తెలుసని చెప్పుకోవడం మానేసి చాలా ఏళ్లయింది. ఎందుకు మానేశానో చెప్పాలంటే నా పెళ్లయిన మొదటి దసరా గురించి చెప్పాలి. చెప్పుకుంటే సిగ్గుచేటు. ఇన్నేళ్లు చెప్పకుండా దాచుకోవడం అంతకన్నా సిగ్గుచేటు.

అరవైల చివరి మాట. మాది నౌపడకి దగ్గర్లో సముద్రపొడ్డున ఊరు. మా నాన్న తెప్ప మీద వేటకెళ్లేవాడు. అత్తవారిది మాత్రం పార్వతీపురం అవతల, కొండల మధ్య చెరువు పక్కన పల్లె. మా కులంవాళ్లే గానీ, మూడు తరాలుగా ఆ చెరువు చేపల మీదే బతుకుతున్నారు. ఆ చెరువులో ఎవరు ఎప్పుడు ఎక్కడ పట్టాలన్నది మా మామగారి మాటే.

కొత్తల్లుడిగా వెళ్లిన మొదటిరోజే నేను నోరు పారేసుకున్నాను. "సముద్రాన్ని చూసినవాడికి ఈ చెరువొక లెక్కా?" అన్నాను. మరదళ్లు నవ్వారు. మర్నాడు పొద్దున్నే మామగారు గాలం కర్ర చేతికిచ్చి గట్టు మీదకి తీసుకెళ్లారు.

ఆశ్వయుజ మాసం. వానలు తగ్గుముఖం పట్టాయి. కొండ మీద నుంచి దిగి చెరువులో కలిసే గెడ్డ సన్నబడింది. ఎర్రనీరు తేరుకుని అడుగున నాచు కనబడుతోంది. చలికి నీళ్ల మీద మంచు ఆవిరిలా లేస్తోంది.

"అల్లుడా, ఈ నెల నీరు వేరు," అన్నారు మామగారు. "బురదంతా అడుక్కి దిగిపోతాది. మనకి సేప కనపడతాది, సేపకి మనవూ కనపడతాం. నీ నీడ నీటి మీద పడనీకు. పొద్దు ఆ తూర్పుకొండ దాటితేగాని సేప నోరు తెరవదు. ఉత్తరపుగాలి వీసిందా, ఈ గట్టుకే వస్తాది. తూర్పుగాలి ముసురు పట్టిందా, గాలం సుట్టీసి ఇంటికి పోడమే."

తర్వాత తామరాకుల పక్కన వేలు చూపించారు. అక్కడ గుప్పెడు ఎర్రటి చేపపిల్లలు ఒక్క గుంపుగా పైకి తేలి, గాలి పీల్చి, ఒక్కసారే మునుగుతున్నాయి.

"కొర్రమీను పిల్లలవి. కింద పెద్దది కాస్తన్నాది. దాని ముందు కప్పని ఆడిస్తే సాలు, మింగీస్తాది. ఆకలికి కాదు, పిల్లల మీదకొచ్చిందనుకుని. అంచేత దాన్ని పట్టకూడదు. పట్టినోడు మళ్లీ వానలు పడేదాకా ఈ గట్టెక్కకూడదు. మా తమ్ముడు పట్టినాడని ఆడినీ ఓ ఏడాది ఆపీసినాను."

నాకు లోలోపల నవ్వొచ్చింది. మా సముద్రంలో ఏ చేప పిల్లల్ని కాస్తుంది? చెరువుగట్టు చాదస్తం అనుకున్నాను.

ఆ రోజు నాకు ఒక్క చేప పడలేదు. రెండోరోజూ పడలేదు. మామగారు పొద్దు కొండ దాటేదాకా చుట్ట కాల్చుకుంటూ కూర్చుని, గాలి ఎటుందో చూసి గాలం వేసేవారు. నాకా ఓపిక లేదు. సముద్రంలో పదిమంది కలిసి వల లాగడం తెలుసు గానీ, ఒక్క బెండు వంక చూస్తూ గంటలు గంటలు కూర్చోవడం నాకు తెలీదు. సాయంత్రం అన్నం దగ్గర చిన్న మరదలు నా కంచంలో ఇన్ని పరిగెలు వేసి, "సముద్రం బావకి మా నాన్న పట్టిన సేపలు," అంది. ఇల్లంతా నవ్వింది. నా భార్య కూడా నవ్వింది. ఆ నవ్వు నాకు తగిలింది.

మూడోరోజు మామగారు సంతకెళ్లారు. నేనొక్కడినే గట్టెక్కాను. ఒక చిన్న కప్పని గాలానికి గుచ్చి, ఆ ఎర్రపిల్లల మధ్య ఆడించాను. రెండోసారి ఆడించేలోపే నీళ్లు పగిలాయి. మోచెయ్యంత కొర్రమీను. పైకి లాగి గడ్డిలో వేశాక కూడా అది నా వైపు కాదు, నీళ్ల వైపే ఎగిరెగిరి పడింది. పిల్లలు అక్కడే, ఆకుల పక్కనే, పైకి తేలి మునుగుతున్నాయి. అప్పుడైనా దాన్ని తిరిగి వదిలెయ్యాల్సింది. వదల్లేదు.

ఇంటికి తెచ్చి అందరికీ చూపించాను. ఎక్కడ పడిందని అత్తగారు అడిగితే, "పెద్దరాతి దగ్గర, లోతునీళ్లలో," అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం.

నా భార్య దాన్ని కోసింది. కాసేపటికి నన్ను పెరట్లోకి పిలిచింది.

"దీని కడుపులో ఏటీ నేదు," అంది.

"అయితే?"

"పిల్లల్ని కాసే సేప తిండి తినదు."

"రాతి దగ్గరే పట్టాను," అన్నాను మళ్లీ.

ఆమె నా మొహంలోకి చూసి, తల వంచుకుని ముక్కలు కడిగింది. ఆ పూట అందరికీ వడ్డించి, తను మాత్రం మజ్జిగ పోసుకుని తింది.

మర్నాడు మామగారితో కలిసి వెళ్లేసరికి తామరాకుల మీద కొంగలు వాలి ఉన్నాయి. ఎర్రపిల్లలు నాలుగైదు చెల్లాచెదురుగా తిరుగుతున్నాయి. ఎవరో పెద్దచేపని పట్టేశారని మామగారికి అర్థమైపోయింది. ఆయన నా వంక చూడనుకూడా లేదు. కొత్తల్లుణ్ణి, పైగా పెద్దరాతి దగ్గర పట్టానన్నవాణ్ణి. ఆయన చూపు గెడ్డ వైపు తిరిగింది.

గెడ్డ కలిసే చోట కొండమీది సవర గూడెం ముసలాయన ఒకడు వెదురుబుట్ట పెట్టుకునేవాడు. రోజూ కొండ దిగి వచ్చి, బుట్టలో పడిన నాలుగు చిన్నచేపలు ఆకులో చుట్టుకుని వెళ్లేవాడు. ఇంట్లో జబ్బుతో ఉన్న భార్యకి అవే కూర.

"నువ్వేనేటి?" అన్నారు మామగారు.

"నాను పట్టనేదు బాబూ. నాకు గాలమే నేదు," అన్నాడాయన.

మామగారు వినలేదు. బుట్ట నీళ్లలోంచి తీసి గట్టు మీద పెట్టారు. "వానలు పడేదాకా ఇటు రాకు," అన్నారు. ముసలాయన బుట్ట భుజాన వేసుకుని కొండెక్కిపోయాడు.

నేను పక్కనే నిలబడి ఉన్నాను. నోరు విప్పితే నాకు పడే శిక్ష ఏమిటి? ఆ గట్టెక్కకపోవడం. మూడ్రోజుల్లో వెళ్లిపోయేవాడికి అదొక శిక్షా? మరదళ్లు ఇంకో రెండు మాటలు ఆడిపోసుకునేవాళ్లు, అంతే. ఆ రెండు మాటలకి భయపడి ఒక మనిషి నోటిముందు కూర లాగేశాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు చచ్చిపోతుంది.

మేం బయల్దేరిన రోజున రోడ్డు మీద బస్సు కోసం నిలబడితే ఆ ముసలాయన వచ్చాడు. నాకు దణ్ణం పెట్టాడు.

"అల్లుడుబాబూ, మీ మావకి మీరో మాట సెప్పండి. మీ మాట ఆయన తీసెయ్యడు. నాను పట్టనేదు."

"చెప్తాను," అన్నాను నేను. ఆ మాట ఎలా అనగలిగానో నాకే తెలీదు.

ఆయన వెళ్లాక నా భార్య అడిగింది. "బస్సొచ్చీలోగా యెనక్కెళ్లి సెప్పీసి వస్తావా? నానిక్కడే ఉంటాను."

"ఇప్పుడు టైమెక్కడుంది?" అన్నాను. బస్సు ఇంకో అరగంటకి గానీ రాలేదు. ఆ అరగంటా ఆమె మూట మీద కూర్చుని కొండవైపే చూసింది.

మరుసటేడు వానలు పడ్డాయి. ముసలాయన మాత్రం మళ్లీ చెరువుకి రాలేదని అత్తగారు ఎప్పుడో మాటల్లో అంటే విన్నాను. ఎందుకు రాలేదని నేను అడగలేదు. మామగారు పోయేదాకా ఆయనకీ నిజం చెప్పలేదు.

నా భార్య ఆ సంగతి మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు. నలుగురిలో నన్ను ఒక్క మాట తక్కువ చెయ్యలేదు. కానీ ఇంటికి కొర్రమీను వచ్చినప్పుడల్లా ముందు కడుపు కోసి లోపల ఏముందో చూస్తుంది. ఆ చూసేంతసేపూ నేను పెరటి గుమ్మంలో నిలబడలేను.