పై చేను మన్ను

నా చిన్నప్పుడు బొరుగులు కరకరలాడేవి. ఇప్పుడు అంగట్లో కొన్నవి ఇల్లు చేరేలోపే మెత్తబడుతున్నాయి. ఉగ్గాని వండడానికి వాటిని వేరే నానబెట్టే పని లేదు, అదొక్కటే సుఖం. దీనికీ నేను చెప్పబోయేదానికీ పెద్ద సంబంధం లేదు. ఆ రోజు నా జేబు నిండా బొరుగులున్నాయి, అంతే.

ఉరవకొండ నుంచి ఎడ్లబండి మీద ఒక పూట ప్రయాణం మా ఊరు. మా చేను ఏటవాలు నేల. మా వైపు వాన రాదని అందరికీ తెలుసు. వచ్చిననాడు ఏం చేస్తుందో బయటివాళ్లకు అంతగా తెలియదు. ఏడాది బాకీ ఒక్క పూటలో తీర్చేసి, పై చేలోంచి ఉరుకుతూ దిగి, మా శనక్కాయ చేలోని మెత్తటి మన్నును వంకలోకి తోసుకుపోయేది. అప్పటికే అడుగున ఉన్న గరుసు రాయి పైకి తేలింది. ఇంకొన్నేళ్లు పోతే రాళ్లు పండించుకోవచ్చని మా తాత అనేవాడు. నవ్వుతూ అనేవాడు కాదు.

సర్కారు తన ఖర్చుతో చేలకు అడ్డంగా మట్టి కట్టలు వేయిస్తోందని తాత సంతలో విన్నాడు. ఎవరిని అడగాలో ఉరవకొండ దాకా తిరిగి కనుక్కోవడానికే ఆయనకు ఒక పంటకాలం పట్టింది. చివరికి ఆఫీసరు వచ్చి, వాలు చూసి, కట్ట పై చేలో మొదలుకావాలన్నాడు. పైవాళ్లు ఒప్పుకోకపోతే మా కట్ట ఒక్క వానకు కూడా నిలవదట.

పై చేను ఆయన నాకు మామ వరస. ఎవరో ఎవరి గట్టులోకో ఒక సాలు ఎక్కువ దున్నారని, నేను పుట్టకముందు నుంచే ఆయనకూ తాతకూ మాటల్లేవు. మామ కట్టకు ఒప్పుకోలేదు. ఆయన భయం ఆయనది. కట్ట వాలును బట్టి వంకరగా పోతుంది, హద్దు గట్టును లెక్కచేయదు. ఆయన చేలో ఒక మూల కట్టకు ఇవతల, మా వైపు మిగిలిపోతుంది. నేడు కట్ట, రేపు అదే గట్టు, ఎల్లుండికి ఆ మూల మాది. మా సీమలో గట్ల చరిత్ర తెలిసినవాళ్లెవరూ ఆయన్ని తప్పుపట్టరు.

ఆఫీసరు వేరే ఊరికి వెళ్లిపోతానన్నాడు. తాత మంచం మీద కూర్చుని సర్కారును తిట్టాడు. మామను తిట్టాలంటే ఆయన పేరెత్తాలి కదా.

మా జేజి, అంటే తాత భార్య, మర్నాడు పొద్దున్నే తానొక గంప తీసుకుని నాకొక చిన్న గంప ఇచ్చింది. మా చేను పైఅంచున, గట్టు కింద వాన వదిలిపోయిన మెత్తటి ఎర్రమన్ను నింపుకున్నాం. గోడ మెత్తడానికేమో అనుకున్నాను. జేజి నేరుగా మామ ఇంటికి నడిచి, వాకిట్లో కుమ్మరించింది.

మామ నోట్లోంచి వేపపుల్ల తీశాడు. "ఏందత్తా ఇది?"

"నీ చేనే అల్లుడా. వాన పడినప్పుడల్లా ఇంత మా చేన్లోకి వస్తాండాది. పరాయి సొత్తు మాకెందుకప్పా? ఇంగా శానా ఉండాది, మోసుకొస్తాం."

"ఎగతాళా?"

"మూల పోతాదని నిద్ర పట్టక ఉండావంట. చేనే నడిచి పోతాంటే మాత్రం బాగా నిద్ర పోతాండావే!"

మామ వంగి పిడికెడు మన్ను తీసి వేళ్లతో నలిపాడు. ఎటు చూడాలో తెలియక నేను బొరుగులు తిన్నాను.

"ఆ మూలలో ఎవరు విత్తేది?" అన్నాడు చివరికి.

"నువ్వే. నీ కందులు నువ్వేసుకో. గట్టురాళ్లు యాడున్నవి ఆడే ఉంటాయి."

"ఆ మాట ఆయప్పను వచ్చి చెప్పమను." మామ కూడా తాత పేరెత్తలేదు.

"ఆయప్ప చెప్పడు. నేను చెప్తాండా కదా."

మామ చేతిలోని మన్ను దులుపుకుని, ఆఫీసరును రమ్మనండి అన్నాడు.

కట్టలు పడ్డాయి. ఆ తర్వాత వానలు మా మన్నును మాకే వదిలేశాయి.

ఇప్పుడు ఊళ్లో పిల్లలు నా దగ్గరికొచ్చి, నీటికుంటకు ఏ పథకముంది, డ్రిప్పుకు ఎక్కడ అడగాలి అంటారు. ఫోనులో వెతికి చెప్తాను. అది సులభం. ఆ తర్వాత, పై చేను ఎవరిదని అడుగుతాను. మాటల్లేవంటే, చెప్పులేసుకుని వాళ్లతోపాటు ఆ ఇంటికి నడుస్తాను. ముసలితనం వల్ల ఇలా చేస్తున్నానని కొందరి అనుమానం. ఆ మధ్యాహ్నం నేను సంగటి తింటూ విన్న మాట వాళ్లు వినలేదు.

మామ ఒప్పుకున్నాడని తెలిసి తాత ఉత్సాహంగా, ఆ పథకాన్ని తాను ఎక్కడెక్కడ తిరిగి పట్టుకొచ్చాడో మళ్లీ మొదటి నుంచి చెప్పసాగాడు. జేజి ఆయన సంగటి పక్కన ఊరిబిండి పచ్చడి వేస్తూ అంది:

"ఉరవకొండ దాకా పోయొచ్చినావు, సరే. ఆ ఇంటికి పోనీకి నీకేమైంది?"